కండె మీద చుట్టిన ఊలు

రెండువేల ఎనిమిదిలో, రోహిణి కార్తె ఇంకా రాకముందే గద్వాల మాడిపోతున్న రోజుల్లో, కర్నూలు పోయే పొద్దుటి ప్యాసింజర్లో ఒకామె కిటికీ పక్కన కూర్చుని ఊలు స్వెటరు అల్లుతుండేది. ఎక్కినవాళ్లు ఒకసారి ఆమె చేతుల వంక, ఒకసారి బయటి ఎండ వంక చూసేవాళ్లు. మానోపాడులో పాలక్యాన్లతో ఎక్కే ఒకాయన కొన్నాళ్లు చూసి చూసి ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏందమ్మా, కర్నూలుల మంచు గిట్ల పడ్తుందా?"

ఆమె తల ఎత్తకుండానే పడుతుందని చెప్పింది. పక్కన కూర్చున్న ఆమె పెనిమిటి నవ్వాడు. పాలాయన ఏమీ అర్థం కాక తన క్యాన్ల మీద కూర్చున్నాడు.

ఆమె పేరు భాగ్యమ్మ. పెనిమిటి నాగప్ప గద్వాలలో మగ్గం నేసేవాడు. ఆయనకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు కర్నూలు దవాఖానలో రక్తం కడిగే మిషను పక్కన పడుకోవాలి. రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చి, గొట్టాల వెంట తిరిగి, మళ్లీ లోపలికి పోయేసరికి చల్లబడుతుంది. బయట జనం చెమటలు కక్కుతుంటే లోపల నాగప్ప పండ్లు టకటకా కొట్టుకునేవి. దుప్పటి కప్పేవాళ్లు. కానీ ఎడమ చెయ్యి మాత్రం బయట పెట్టాల్సిందే. సూదులు ఆ చేతికే గుచ్చుతారు. సూది జారిందా, నెత్తురు కారుతుందా అని నర్సు అర్చన వచ్చి చూసుకుంటూ ఉండాలి. చెయ్యి బయటుంటే దుప్పటి భుజం మీద నిలవదు. భాగ్యమ్మ ఎక్కిస్తుంటే అది జారుతుండేది. స్వెటరు కొందామంటే దాని చెయ్యి పైకి మడవాలి, మడిస్తే బిగుస్తుంది, ఆ చెయ్యి బిగుసుకుపోకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

అట్లా ఒకరోజు దుప్పటి ఎక్కించి ఎక్కించి, తిరిగి వచ్చే రైల్లో ఆమె అన్నది, ఎడమ చెయ్యి భుజం దాకా తెరుచుకునే స్వెటరు తానే అల్లుతానని. పైన గుండీలు, మిషను మీద ఉన్నంతసేపు విప్పేయడం, అయిపోయాక పెట్టేయడం. నాగప్ప కాసేపు ఆలోచించి, బాగానే ఉంటుందన్నాడు. 

అల్లిక ఆమెకు వనపర్తిలో వచ్చింది. అక్కడ పుట్టి, అక్కడి బడిలో ఏడో తరగతి దాకా చదివింది. కుట్టుపాఠం చెప్పే టీచరు ఆడపిల్లలందరికీ ఊలు సూదులు పట్టించింది. సీదా, ఉల్టా, మళ్లీ సీదా. మిగతా పిల్లలు పెండ్లిళ్లయి మరిచిపోయారు. భాగ్యమ్మ మరిచిపోలేదు గానీ గద్వాలలో ఊలుతో పనేముంటుంది. వాడలో ఎవరికన్నా కాన్పయితే చంటిబిడ్డకు ఒక టోపీ, రెండు మేజోళ్లు అల్లి ఇచ్చేది. అంతే. మిగతా ముప్పై ఏళ్లూ ఆమె చేతులు రాట్నం మీదనే ఉన్నాయి. నాగప్ప మగ్గం గుంటలో కూర్చుని నేసేవాడు, ఆమె గడప పక్కన కూర్చుని పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలోకి కావలసిన పోగును కండెల మీద చుట్టి ఇచ్చేది. పోగు వదులైతే ఆయనకు కోపం. నాడె పరుగు మీద ఉన్నప్పుడు వదులు కండె జారి చిక్కుపడుతుంది, చీర పాడవుతుంది. కొత్త కోడలుగా వచ్చిన రోజుల్లో ఆమె చుట్టిన కండెను ఆయన బొటనవేలితో నొక్కి చూసి, మెత్తగా ఉంటే వాపసు ఇచ్చేవాడు. రాయిలా ఉంటే తీసుకునేవాడు.

ఆ ఇంట్లో ఇంకో పట్టింపు కూడా ఉండేది. సగం నేసిన చీరను మగ్గం మీంచి కోయరు. చావయినా, పెండ్లయినా, ఎవరైనా వచ్చి కూర్చుని దాన్ని పూర్తి చేయాల్సిందే. నాగప్ప తండ్రి పోయినప్పుడు పదోనాడు దాటగానే నాగప్ప ఆయన గుంటలోకి దిగి మిగిలిన కొంగు నేశాడట. ఈ సంగతి ఆయనే చెప్పేవాడు, గొప్పగా కాదు, తలుపు గడియ వేయడం గురించి చెప్పినట్టు.

ఇంటిదగ్గర అల్లడానికి ఆమెకు తీరేది కాదు. ఉప్పు లేని కూర ఒకటి, ఉప్పున్న కూర ఒకటి, కొలిచి ఇచ్చే నీళ్లు, మాత్రలు, వచ్చి పోయే చుట్టాలు. రైల్లోనూ దవాఖాన బెంచీ మీదనూ మాత్రం చేతులు ఖాళీగా ఉండేవి. కాబట్టి స్వెటరు అల్లితే అక్కడే అల్లాలి.

మొదటిరోజు వనపర్తి నాటి పొడుగు సూదులు పట్టుకుని పోయింది. రైలు కిక్కిరిసి ఉంది. సూది కొస పక్కామె పక్కలో గుచ్చుకుంది. ఆమె ఇటిక్యాల దాకా తిడుతూనే వచ్చింది. ఊలుండ ఒళ్లోంచి జారి సీట్ల కిందకు దొర్లింది. నలుగురి కాళ్లు లేపించి, వేరుశనగ పొట్టులోంచీ ఉమ్మిలోంచీ దాన్ని వెతికి తీసేసరికి కర్నూలు వచ్చింది. నాగప్ప ఇదంతా చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక ఆమె వంట చేస్తుంటే ఆయన మగ్గం పక్కన ఉన్న పాత సామాను పెట్టె తెరిచి ఏదో వెతకడం వినిపించింది.

సూదులు గుచ్చే ఎడమ చేత్తో ఆయన బరువు ఎత్తకూడదు, నాడె విసరకూడదు. మగ్గం ఆగిపోయింది. కుడి చేత్తో మాత్రం ఏమైనా చేసుకోవచ్చు. పొట్టి సూదులు చేయడానికి రిక్షాలు బాగుచేసే బాబా దుకాణం నుంచి పాత చక్రం పుల్లలు తెచ్చాడు. సైకిలువి మరీ సన్నం, రిక్షావి కొంచెం లావు. జానెడు పొడుగు కోయించి, వంకరలు తీసి, కొసలు సానరాయి మీద రుద్దాడు. పట్టు మీద రుద్ది చూసేవాడు, పోగు లేస్తే మళ్లీ రాయి మీద పెట్టేవాడు. రెండు రోజులు అదే పని. మగ్గం మీంచి చివరి చీర దించినప్పుడు మిగిలిన పడుగు కొసతో నేసిన ముక్క ఒకటి ఉంటే, భాగ్యమ్మ దానికి లోపల సన్నటి అరలు కుట్టింది. పుల్లలు అరల్లో దూర్చి, గుడ్డను చాపలాగా చుట్టి, తాడు కడితే చంకలో ఇమిడేది.

జానెడు పుల్లల మీద వీపంత వెడల్పు అల్లలేరు. ఒకటిన్నర బెత్తెడు పట్టీ మాత్రం వస్తుంది. గొంగడిని పట్టీలుగా నేసి కలిపి కుట్టినట్టు స్వెటరును కూడా పట్టీలుగా అల్లి చివర కలుపుదామని ఆమె అనుకున్నది. పట్టీ అయితే ఒళ్లో ఇముడుతుంది, చుట్టి సంచిలో వేయొచ్చు. ఎడమ చేతి పట్టీలను కలపకుండా వదిలేస్తే చెయ్యి దానంతట అదే తెరుచుకుంటుంది.

ఇక ఊలుండ. దాని సంగతి నాగప్ప తేల్చాడు. పాత బిస్కెట్ల డబ్బా మూతకు మేకుతో చిల్లు పొడిచి, అంచు గీరుకోకుండా సుత్తెతో మెల్లగా కొట్టాడు. ఊలును ఉండ కాకుండా కండెల మీద చుట్టి డబ్బాలో పెడితే, నాడెలోంచి పోగు వచ్చినట్టు చిల్లులోంచి వస్తుంది, ఎక్కడికీ దొర్లదు అన్నాడు. రాట్నం తనవైపు తిప్పుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు ఆమె చుడితే ఆయన నేశాడు. ఇప్పుడు ఆయన చుడుతుంటే ఆమె గడప దగ్గర నిలబడి చూసింది. ఊలు తీగలాగా సాగి కండె మీద బిగుసుకుంటున్నది.

"జర వదులుగ చుట్టయ్యా. ఊలు అది, పట్టుపోగు కాదు."

"వదులుగ చుట్టినందుకే మా నాయిన నన్ను కొట్టెటోడు. ముప్పై ఏండ్లు నీకు నేను చెప్పిన. ఇప్పుడు నువ్వు నాకు చెప్తున్నవా?"

లాగి చుట్టిన ఊలు సాగి ఉంటుందనీ, నీళ్లు తగిలితే ముడుచుకుంటుందనీ వనపర్తి టీచరు చెప్పిన సంగతి భాగ్యమ్మకు గుర్తుంది. చెప్పబోయి ఊరుకున్నది. ఆయన కండెను బొటనవేలితో నొక్కి చూసుకుని, ఆమెకు అందించాడు. ఆమె కూడా నొక్కి చూసి, తీసుకున్నది.

దవాఖాన బెంచీ మీద హసీనా పరిచయమైంది. అలంపూరు వైపు మనిషి. మిషను ఎక్కేది ఆమె కాదు, ఆమె కూతురు సిద్రా. పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి, చూస్తే పన్నెండేళ్ల పిల్లలా ఉండేది. హసీనా బెంచీ మీద కూర్చుని కొక్కెం సూదితో నమాజు టోపీలు అల్లేది. చేతిలో ఒకటే సూది, చూపు కూతురున్న గది తలుపు మీద, టోపీ దానంతట అదే పెరిగేది. భాగ్యమ్మ గుడ్డచుట్ట విప్పి డబ్బా మూత తీసినప్పుడు ఆమె వంగి చూసింది.

"సున్తీలు చేసే ఉస్తాదు సామాను లెక్కున్నది అక్కా నీ సంచి."

నాగప్ప బతికున్నన్నాళ్లలో ఆ దవాఖానలో భాగ్యమ్మ గట్టిగా నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ రోజు నుంచి సంచిలోకి హసీనా వస్తువులు చేరాయి. రైలు కుదుపుకు పుల్ల కొసనుంచి ఉచ్చులు జారి ఒక వరుస మొత్తం ఊడితే, హసీనా తెగిన హవాయి చెప్పులోంచి రబ్బరు ముక్కలు కోసి కొసలకు గుచ్చింది. వరుస ఎక్కడ మొదలైందో గుర్తుకు పిన్నీసులు ఇచ్చింది. కత్తెర వద్దని, గోళ్లు తీసే కట్టరు చాలన్నది. తన కొక్కెం సూదుల్లో లావుపాటిది ఒకటి బ్రష్షు డబ్బాలో పెట్టి ఇచ్చింది. పట్టీలన్నీ అయ్యాక వాటిని దారంతో కుట్టొద్దనీ, కుడితే అతుకు ఒత్తుకుంటుందనీ, కొక్కెంతో కలిపితే మెత్తగా ఉంటుందనీ చెప్పింది. అది తాను నేర్పుతానన్నది.

వానలు పడ్డాయి. నాగప్పకు చలి ఎక్కువైంది. మిషను మీదే కాదు, తిరిగి వచ్చే రైల్లో కూడా. ఎక్కగానే డబ్బా వైపు చూసి ఎన్నడవుతుందని అడిగేవాడు. అవుతుందని ఆమె అనేది. వీపు పట్టీలు అయ్యాయి, ఛాతీవి అయ్యాయి. కుడి చేతివీ అయ్యాయి. ఆయన అడగడం మానేశాడు. ఆమె మాత్రం అడిగినట్టే అనుకుని అల్లేది. తుంగభద్ర వంతెన మీద రైలు నెమ్మదైనప్పుడు కూడా తల ఎత్తేది కాదు.

ఎడమ చేతి ఆఖరి పట్టీ ఒక శనివారం తిరుగు రైల్లో అయిపోయింది. నాగప్ప ఆమె భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. లేపి చూపిద్దామనుకుని, చూపించకుండా చుట్టి సంచిలో పెట్టింది. మంగళవారం హసీనా కలపడం నేర్పుతుంది, కలిపాకనే చూపిద్దాం అనుకున్నది.

మంగళవారం పొద్దున నాగప్ప రైలుకు పోవడానికి చొక్కా వేసుకుంటూ, గుండీ పెట్టుకోవడం ఆపి, మంచం మీద కూర్చున్నాడు. ఆమె నీళ్ల సీసా నింపుకుని వచ్చేసరికి పక్కకు ఒరిగి ఉన్నాడు.

నాగర్‌కర్నూల్ నుంచి కూతురు మానస వచ్చింది. ఆడబిడ్డ లలితమ్మ వచ్చింది. ఇంటినిండా జనం. మోసుకుపోయే ముందు లలితమ్మ ఆ సంచి తెచ్చి, తమ్ముడు ఎంతో ఆశపడ్డ స్వెటరు కదా, మీద వేసి పంపుదామన్నది. సగం మందికి అది మంచి మాట అనిపించింది.

"అది ఇంక కాలే వదినా," అన్నది భాగ్యమ్మ. "కానిది ఎట్ల పంపుత?"

లలితమ్మ ఆ ఇంట్లో పుట్టిన మనిషి. ఆ మాట ఆమెకు అర్థమైంది. సంచిని మళ్లీ మగ్గం మీద పెట్టింది.

తర్వాతి రోజుల గురించి భాగ్యమ్మకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎవరు ఏడిస్తే వాళ్ల పక్కన కూర్చున్నది. తినమంటే తిన్నది. తనకు ఏడుపు రావడం లేదని ఎవరో అంటుంటే విని, నిజమే అనుకున్నది. కూరలు రెండు రకాలు వండేసి, ఉప్పు లేని గిన్నె ముందు నిలబడి, అది ఎవరికో గుర్తొచ్చేదాకా గరిట తిప్పింది. రైలు రోజుల్లో చీకటి ఉండగానే లేచి నీళ్ల సీసా నింపేది. నింపిన నీళ్లు సాయంత్రం దాకా అట్లాగే ఉండేవి. మానస తనతో రమ్మన్నది. వస్తానన్నది. ఎప్పుడని అడిగితే, అది అయినాక అన్నది. ఏది అయినాక అని మానస అడగలేదు.

నెలమాసికం అయ్యాక సంచి దించింది. పట్టీలకు రైలు మసి పట్టింది, అక్కడక్కడా తుప్పు మరకలు. కలపబోయే ముందు ఉతకాలి కదా అని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన పరిచింది. మరునాడు ఆరాయి. నాగప్ప చొక్కా నేలమీద పరిచి పట్టీలను దానిమీద ఒక్కొక్కటే పేర్చింది. వీపు పట్టీలు నడుముకు బెత్తెడు పైనే ఆగిపోయాయి. చేతి పట్టీలు మోచెయ్యి దాటి కొంచెం దూరం వచ్చాయి. మళ్లీ పేర్చింది. లాగి చూసింది. లాగితే సాగి, వదిలితే వెనక్కి పోయింది. ఊలు తన పొడుగుకు తాను వచ్చేసింది.

 తర్వాత పట్టీలు చుట్టి సంచిలో పెట్టింది. మంగళవారం పొద్దున చెప్పులు వేసుకుంటుంటే లలితమ్మ గడపలో ఎదురైంది.

"ఇంకెవరున్నరే కర్నూలుల నీకు?"

"పట్టీలు కలుపుడు నాకు రాదు. దవాఖాన్ల హసీనాకు వస్తది."

"గంతదూరం పోయి కలిపితె, ఏసుకునెటోడేడి?"

తెల్వదన్నది భాగ్యమ్మ. అది ఎదురు మాట కాదు. ఆమెకు నిజంగానే తెలియదు.

రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. పక్కన ఎవరో కూర్చున్నారు. మానోపాడులో పాలాయన ఎక్కాడు. ఆమె పక్కకు చూశాడు, ఆమె ఖాళీ చేతుల వంక చూశాడు. పోయి తన క్యాన్ల మీద కూర్చున్నాడు.

దవాఖాన బెంచీ మీద హసీనా ఆమె ఒక్కతే రావడం దూరం నుంచే చూసింది. చేతిలో టోపీ పక్కన పెట్టి జరిగి చోటిచ్చింది. ఇద్దరూ కూర్చున్నారు. మీరు రాని ఆ మంగళవారమే అనుకున్న అన్నది హసీనా. భాగ్యమ్మ తల ఊపి, గుడ్డచుట్ట విప్పి, బ్రష్షు డబ్బాలోంచి కొక్కెం సూది తీసి అందించింది. హసీనా సూది తీసుకోలేదు. దాన్ని ఆమె వేళ్లలోనే సరిచేసి, రెండు పట్టీల అంచులు ఆనించి, ఎక్కడ గుచ్చాలో, ఎక్కడ నుంచి పోగు లాగాలో చూపింది. మొదటి అతుకు వంకరపోయింది. విప్పి మళ్లీ వేసింది. వీపు కలిసింది. ఛాతీ కలిసింది. ఒళ్లో స్వెటరు ఆకారం వచ్చేసరికి హసీనా దాన్ని ఎత్తి, మెడ దగ్గర పట్టుకుని చూసింది.

"చిన్నగ లేదా అక్కా?"

ఉతికితే ముడుచుకుందని భాగ్యమ్మ చెప్పింది. ఇంక చేతులు కలపాలి. కుడి చెయ్యి మొత్తం కలపాలి, ఎడమది వదిలేయాలి. ఆమె కుడి చేతి పట్టీలు తీసుకుని కొక్కెం గుచ్చింది.

లోపల సిద్రా మిషను మీద ఉన్నది. తలుపు సందులోంచి మంచం కనిపిస్తుంది. దుప్పటి భుజం మీంచి జారి ఉంది. పండ్ల చప్పుడు బెంచీ దాకా వినిపించదు, కానీ ఆ పిల్ల దవడ కదులుతున్న తీరు చూస్తే చప్పుడు ఎంతుంటుందో భాగ్యమ్మకు తెలుసు. ఇన్ని నెలలూ ఆ పిల్ల అట్లాగే వణికి ఉంటుంది. తనకు నాగప్ప మంచం ఒక్కటే కనిపించేది.

"సిద్రాకు ఏ చేతికి పెడతరు?"

హసీనాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక చూపు కిందికి దించుకున్నది.

"వద్దక్కా. అన్నకోసం చేసినవ్ గదా."

ఆ మాట వెనక ఇంకో మాట ఉంది. పోయిన మనిషి కోసం అల్లింది, బతకాల్సిన పిల్ల ఒంటి మీద. అది హసీనా అనలేదు. అనకపోయినా భాగ్యమ్మకు వినిపించింది. తాను ఆ చోట ఉన్నా అదే అనుకునేది.

"అన్నకు ఇది సాలదు చెల్లె. ఆయన ఒక్కనాడు ఏసుకోలే, చూడను గూడ చూడలే. కొత్తదే."

హసీనా తలుపు వైపు చూసింది.  తర్వాత తన కుడి చెయ్యి చాపి, మోచేతి కింద వేలితో గీత గీసి చూపింది. సిద్రా ఎడమచేతి వాటం పిల్ల. అందుకని సూదులు కుడి చేతికి పెట్టారు.

భాగ్యమ్మ కుడి చేతి పట్టీల్లోంచి కొక్కెం బయటికి తీసింది. వాటిని అట్లాగే వదిలేసి ఎడమ చేతివి ఒళ్లోకి తీసుకుని కలపడం మొదలుపెట్టింది. ఇంకా కలపలేదు కాబట్టి ఏ చెయ్యి అయినా ఒకటే. హసీనా తన సూదితో కుడి చేతి అంచున గుండీలకు ఉచ్చులు వేసింది. ఒకే స్వెటరుకు రెండు వైపులా ఇద్దరు పనిచేస్తుంటే మధ్యలో ఊలు బిగుసుకున్నప్పుడల్లా ఒకరు చెయ్యి వదులు చేసేవాళ్లు. గుండీలు నాగప్ప చొక్కావి. భాగ్యమ్మ ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే కోసుకుని పిన్నీసుకు గుచ్చి తెచ్చింది.

తర్వాతి వారం అది సిద్రాకు వేశారు. అర్చన వచ్చి, తెరిచి ఉన్న కుడి చెయ్యి చూసి, సూదులు పెట్టి, పట్టీ అంచును పైకి మడిచి చూసుకుని, సూదులు కనిపించేలా సర్దింది. బాగుందని గానీ ఎవరు చేశారని గానీ అనలేదు. ఆమెకు ఇంకా మూడు మంచాలు చూడాల్సి ఉంది. భాగ్యమ్మను లోపలికి రానిచ్చారు. మిషను తిరగడం మొదలైంది. సిద్రా ఎడమ చేత్తో ఛాతీ మీద ఊలును తడిమింది.

"గట్టిగున్నది పెద్దమ్మా."

"మీ పెద్దనాయిన గట్టిగ చుట్టిండు."

పిల్లకు అది ఏమర్థమైందో, కళ్లు మూసుకున్నది. దవడ కదలడం లేదు. కొంతసేపటికి నిద్రపట్టింది.

భాగ్యమ్మ బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నది. రైలుకు ఇంకా టైము ఉంది. చేతులు ఊరికే ఉంటే డబ్బా మూత తీసింది. అడుగున ఒక కండె మిగిలి ఉంది, ఆయన చుట్టినదే. దాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. రాయిలా ఉంది. కొస పట్టుకుని, మళ్లీ అల్లడానికి అందేలా చిల్లులోంచి పైకి తీసి, మూత పెట్టి, డబ్బాను సంచిలో వేసుకున్నది.